నా ఫోన్‌లో నా నంబరు

ఫిబ్రవరి 3, సోమవారం

ఈ డైరీ మా ఆయనకి బీమా ఏజెంటు ఇచ్చాడు. బస్ డిపోలో రిజిస్టర్లు రాసి రాసి ఆయనకి ఇంటికొస్తే పెన్ను చూస్తేనే చిరాకు. అందుకని నేను తీసుకున్నాను. ఈ ఇంట్లో ఏదన్నా పైకి అనుకుంటే మధ్య గోడ దాటి పక్క వాటాలో ఉన్న వందనకి వినపడుతుంది. రాసుకుంటే వినపడదు.

వందన నా తోడికోడలు. అంతకు మించి ఆవిడ గురించి ఈ పుస్తకంలో ఒక్క ముక్క కూడా రాయను.

ఇవాళ కంప్యూటర్ వచ్చింది. సెకండ్ హ్యాండ్‌ది, ప్రింటర్‌తో సహా. పచ్చళ్ళ పార్శిళ్ళ మీద అడ్రసులు నేను చేత్తో రాస్తే కొరియర్ వాళ్ళకి అర్థం కావడం లేదట. మొన్న మియాపూర్ వెళ్ళాల్సిన గోంగూర మాచర్ల వెళ్ళింది. మాచర్ల వాళ్ళు చక్కగా తినేసి, బాగుందని ఫోన్ చేశారు. ఇక నుంచి స్టిక్కర్లు ప్రింట్ తీస్తాను. నంబర్లూ అడ్రసులూ అన్నీ ఫోన్‌లో ఉన్నాయి కదా, అవి కంప్యూటర్‌లోకి రావాలి, అంతే. దానికేముంది.

వైరు గుచ్చాను. ఫోన్‌కి ఛార్జింగ్ ఎక్కుతోంది. కంప్యూటర్ మాత్రం ఫోన్‌ని ఎప్పుడూ చూడనట్టు కూర్చుంది.

ఫిబ్రవరి 4, మంగళవారం

మా ఆయన సలహా: ఆపి మళ్ళీ పెట్టు.

ఆపి మళ్ళీ పెట్టాను. రాలేదు. ఇరవై ఏళ్ళుగా టీవీకి, మోటారుకి, మిక్సీకి ఆయన ఇచ్చేది ఇదే సలహా.

ఫిబ్రవరి 6, గురువారం

ఎదురింటి సబీహా వచ్చింది. స్టేషన్ రోడ్డులో సెల్ షాపు ఉన్న ఫైజల్ ఆమె తమ్ముడే. ఫోన్ కలిపి ఇచ్చింది.

"అది ఉత్త ఛార్జింగ్ వైరు మేడం. అయినా వైరెందుకు? ఫోన్లో సింక్ ఆపేసి ఉందేమో చూడండి" అన్నాడు.

ఆపేసే ఉంది. కొన్నరోజే మా ఆయన "నెట్ అయిపోద్ది" అని అన్నీ ఆపేశాడు. ఫైజల్ చెప్పినట్టు ఆన్ చేసి, కంప్యూటర్‌లో అదే జీమెయిల్ పెట్టాను. కాసేపటికి నంబర్లన్నీ బిలబిలమంటూ వచ్చేశాయి! చదువుకున్న వాళ్ళకే వస్తుందనుకుంటారు గానీ, కాస్త నిదానం ఉంటే ఏదైనా వస్తుంది. నాకు నిదానం ఎక్కువ.

సబీహా వెళ్తూ వెళ్తూ చిన్న గిన్నె నా చేతిలో పెట్టింది. "వందన మాగాయ వదినా. మా ఇంట్లో అందరూ ఎగబడి తింటన్నారు. రుచి చూడు."

చూశాను. ఉప్పు ఎక్కువ. ముక్క మరీ లావు. చెయ్యి తిరిగిన మనిషి కోసిన ముక్కలా లేదు. సబీహాకి అదే చెప్పాను.

రాయనన్నాను గానీ, ఈ మాగాయ సంగతి రాయకపోతే అన్యాయం. వందనా నేనూ కలిసి పచ్చళ్ళు అమ్మేవాళ్ళం. ఎవరి కాయలు వాళ్ళు కోసుకుని ఊరేసుకోవడం, అమ్మకం మాత్రం కలిపి. కిందటి మే నెలలో మేడ మీద మామగారి పాత పంచెలు రెండు పరిచి, ఒకదాని మీద నా మాగాయ ముక్కలు, రెండోదాని మీద తనవి ఎండబెట్టాం. నేను నూనె కోసం గానుగకి వెళ్ళాను. ఉన్నట్టుండి గాలివాన. నేను ఉరుకులు పరుగుల మీద వచ్చేసరికి ఒక పంచె లేదు. రెండో పంచె మీద ముక్కలు నీళ్ళలో తేలుతున్నాయి. తనవి తీసుకుని నావి వదిలేసింది! ఆ తడిసిన ముక్కల్ని చూడబుద్ధి కూడా కాలేదు. చూడకుండానే మూట కట్టి తీసుకెళ్ళి మురుక్కాలవలో పోశాను. తర్వాత వీధిలో నిలబడి నాలుగు మాటలు అన్నాను. నాలుగే.

ఆ రోజు నుంచి మాటల్లేవు. మా ఆయనా, వందన మొగుడు కార్తీక్ మాత్రం రోజూ అరుగు మీద కూర్చుని టీ తాగుతారు. అన్నదమ్ములకి సిగ్గుండదు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

నా ఫోన్‌లో ఎవరివో నంబర్లు వచ్చి కూర్చున్నాయి. "పార్లర్ సుస్మిత" ఎవరు? "వెల్దుర్తి బాబాయ్" ఎవరు? "డాక్టరమ్మ గుంటూరు" ఎవరు? వైరస్ అంటే ఇదేనేమో. ఒక్కొక్కటే తీసేస్తూ కూర్చున్నాను. పొద్దంతా పట్టింది.

అన్నిటికన్నా విచిత్రం, నా నంబరే నా ఫోన్‌లో "అక్క" అనే పేరుతో ఉంది. నాకు నేను అక్కనెలా అవుతాను? అదీ తీసేశాను.

ఫిబ్రవరి 8, శనివారం

పొద్దున్నే గోడ అవతల కేకలు. "నా నంబర్లన్నీ ఎవరు తీసేశారు? నువ్వేనా నా ఫోన్ కెలికింది?" అని వందన కార్తీక్‌ని అడుగుతోంది. "నాకేం పని?" అంటున్నాడు అతను.

దానికీ ఫోన్ పాడైందన్నమాట. దేవుడున్నాడు.

ఫిబ్రవరి 9, ఆదివారం

"అక్క" మళ్ళీ వచ్చింది. తీసేశాను.

ఫిబ్రవరి 10, సోమవారం

ఇవాళ ఒక శుభవార్త. ఈ సింక్ పెట్టాక సరుకుల లిస్టు ఫోన్‌లో రాస్తే కంప్యూటర్‌లోనూ కనపడుతోంది. నిన్న "ఆవపిండి, నువ్వుల నూనె, బెల్లం" అని రాసి పడుకున్నాను. పొద్దున చూస్తే కింద "మెంతులు, ఇంగువ" అని చేరి ఉన్నాయి! నిజంగానే రెండూ అయిపోయాయి. నేను మర్చిపోయాను.

ఇంట్లో ఉన్నది ఆయనా నేనూ. నేను రాయలేదు. మెంతి డబ్బా ఏదో ఇంగువ డబ్బా ఏదో తెలియని మనిషి, చూసుకుని, గుర్తుపెట్టుకుని, నాకు చెప్పకుండా రాశాడంటే! ఇన్నాళ్ళకి ఇల్లు పట్టింది. నేనూ ఏమీ అనలేదు. అంటే మానేస్తాడు. మధ్యాహ్నం గుత్తివంకాయ చేసి డిపోకి క్యారేజీ పంపాను.

ఫిబ్రవరి 12, బుధవారం

లిస్టులో "బెల్లం వద్దు, డబ్బాలో ఉంది" అని ఉంది. మా డబ్బాలో లేదు. పోనీలే, మగవాళ్ళకి డబ్బాలు తెలియవు. చూడాలన్న బుద్ధి పుట్టింది, అది చాలు. మళ్ళీ గుత్తివంకాయ.

"ఏందే, ఏమన్నా కావాలా?" అని అడిగాడు అనుమానంగా. ఏమీ వద్దన్నాను. ఇంకా అనుమానంగా తిన్నాడు.

గోడ అవతల నుంచి రెండు రోజులుగా కోడి పలావు వాసన. పండగా పబ్బమూ లేకుండా కార్తీక్‌కి ఈ వైభోగం ఏమిటో.

ఫిబ్రవరి 13, గురువారం

"అక్క" మళ్ళీ. తీసేశాను. నేనూ మొండిదాన్నే.

ఫిబ్రవరి 14, శుక్రవారం

స్టిక్కర్లు ప్రింట్ తీస్తుంటే కంప్యూటర్ టింగ్ మంది. ఒక పక్కన చిన్న పెట్టె లేచింది. ఫోన్‌లోనూ అదే.

"గురువారం 10 గంటలకు గుంటూరు. మెడ గడ్డకి సూది టెస్టు. ఇంట్లో చెప్పొద్దు."

నేను పెట్టలేదు. ఇంట్లో ఉన్నది ఆయనా నేనూ.

అందుకా మెంతులూ ఇంగువా రాసింది. అందుకా బెల్లం డబ్బా చూసింది. మనిషికి భయం పుడితేనే కదా ఇల్లు గుర్తొచ్చేది.

ఫిబ్రవరి 15, శనివారం

ఆయన పేపర్ చదువుతుంటే వెనక నుంచి వెళ్ళి మెడ తడిమాను. ఎడమ పక్క ఏమీ లేదు. కుడి పక్క తడమబోతే చక్కిలిగిలి పుట్టి కుర్చీలోంచి లేచిపోయాడు. "తలుపు తీసి ఉంది, ఎవరన్నా చూస్తారు" అన్నాడు. కాసేపు ఆగి తనే వెళ్ళి తలుపు వేసి వచ్చాడు.

ఆయనతో ఏం చెప్పను? పచ్చడి కలపాలి అని వంటింట్లోకి వచ్చేశాను. పచ్చడి కలుపుతూ ఏడ్చాను. ఆయన ఏడిస్తే చూడలేను. ఆయన కోరిక ప్రకారం తెలియనట్టే ఉంటాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

గుత్తివంకాయ.

ఫిబ్రవరి 17, సోమవారం

ఇక తట్టుకోలేక ఫైజల్ షాపుకి వెళ్ళాను. ఆయన ఫోన్‌లో ఏ ఆసుపత్రి నంబరు ఉందో చూసే ఉపాయం ఏమన్నా ఉందా అని అడుగుదామని. ముందు నా ఫోన్ చూపించి, ఈ గుర్తు చేసే పెట్టె ఎక్కడి నుంచి వచ్చిందని అడిగాను. ఫైజల్ రెండు వేళ్ళతో అటూ ఇటూ జరిపాడు.

"ఇది సార్ ఫోన్ నుంచి కాదు మేడం. వందన మేడం ఫోన్ నుంచి."

"వందన ఫోన్‌కీ నా ఫోన్‌కీ ఏంది సంబంధం?"

"రెండేళ్ళ కింద ఇద్దరూ కలిసొచ్చి ఫోన్లు కొన్నారు గదా. ఒకటే ఇల్లు, ఒకటే యాపారం, రెండు జీమెయిళ్ళు ఎందుకని ఒకటే పెట్టా. పాస్‌వర్డ్ మర్చిపోయినా ఒకళ్ళకన్నా గుర్తుంటదని. ఇన్నాళ్ళూ మీ దాంట్లో సింక్ ఆపేసి ఉంది, ఇప్పుడు ఆన్ అయింది."

"ఇట్టా ఎంతమందికి పెట్టావయ్యా?"

"చానామందికి. మీ సార్ వాళ్ళ డిపోలో నలుగురికి ఒకటే."

అయితే మెంతులూ ఇంగువా ఆయన రాయలేదు. ఆయన ఏ డబ్బా చూడలేదు. ఆయన మెడకి ఏమీ లేదు. తిరునాళ్ళలో తప్పిపోయిన మనిషి దొరికినంత సంతోషం వేసింది. సంతోషం వెనకాలే గుండెలో రాయి పడింది. గడ్డ వందనకి.

"నేను తీసేసిన నంబర్లు?" అన్నాను.

"అక్కడా పోతాయి. మొన్న వందన మేడం వచ్చి ఒకటే బాధ, గుంటూరు డాక్టరమ్మ నంబరు పోయిందని."

పొద్దంతా కూర్చుని ఒక్కొక్కటే తీసేశాను నేను. చాలా నిదానంగా.

ఆ నంబర్లు మళ్ళీ వస్తాయా అని అడిగాను. కంప్యూటర్‌లో పాత రోజుకి వెనక్కి తిప్పొచ్చన్నాడు. ఇంటికి తీసుకొచ్చి అప్పటికప్పుడు తిప్పించాను. పార్లర్ సుస్మిత వచ్చింది. వెల్దుర్తి బాబాయ్ వచ్చాడు. డాక్టరమ్మ వచ్చింది. అన్నిటికన్నా పైన, అక్షరాల వరసలో మొదట, "అక్క" వచ్చింది.

"రెండు జీమెయిళ్ళు ఇప్పుడే విడగొట్టేదా మేడం?"

"గురువారం అయిందాక ఆగు."

ఫిబ్రవరి 18, మంగళవారం

గోడ మీద తడితే పలికేంత దూరంలో ఉంది. తట్టడానికి చెయ్యి రాలేదు. మే నెల నుంచి పెంచుకున్న కోపం, ఒక్కసారిగా దించాలంటే ఎక్కడ దించాలో తెలియడం లేదు. వెళ్ళి తలుపు ముందు నిలబడితే "ఎందుకొచ్చావు" అంటే? అనదు. అంటే?

సరుకుల లిస్టు తెరిచి, ఇంగువ కింద రాశాను: "గురువారం నేనూ వస్తా. ఏడున్నర బస్సుకి పోదాం. ఎవరికీ చెప్పను."

గోడ అవతల టింగ్ మంది. రోలు చప్పుడు ఆగిపోయింది. ఎంతసేపటికీ మళ్ళీ మొదలవలేదు.

ఫిబ్రవరి 19, బుధవారం

పొద్దున లిస్టులో: "నంబర్లు తీసేసింది నువ్వా?"

"వైరస్ అనుకున్నా" అని రాశాను.

"లిస్టులో ఆవపిండి రాసింది కార్తీక్ కాదా?"

"ఆవపిండి నాదే. బెల్లం కూడా."

మళ్ళీ టింగ్ మంది: "వారం నుంచి ఆ మనిషికి కోడి పలావు వండి పెడుతున్నా అక్కా."

"మా ఆయనకి గుత్తివంకాయ" అని రాశాను.

గోడ అవతల నవ్వు వినపడింది. నేనూ నవ్వాను, అదీ వినపడే ఉంటుంది. అయినా ఇద్దరం మాట్లాడుకోలేదు. చివరికి తనే రాసింది: "రేపు టిఫిన్ తేబాక. అన్నం నేను కడతా."

ఫిబ్రవరి 20, గురువారం

సబీహా చుట్టాలింట్లో పెళ్ళికి చీరలు చూడడానికి వెళ్తున్నామని చెప్పి బయల్దేరాం. మా ఇద్దరినీ పక్కపక్కన చూసి మా ఆయన టీ గ్లాసు కింద పెట్టేశాడు.

బస్సులో చిలకలూరిపేట అడ్డరోడ్డు దాటేదాకా ఇద్దరం కిటికీలోంచే చూశాం. చివరికి నేనే అడిగాను. "ఇంట్లో చెప్పకుండా ఒక్కదానివే ఎట్టా పోదామనుకున్నావే?"

"కార్తీక్‌కి చెబితే మిల్లు మానేసి కూర్చుని ఏడుస్తాడు. అత్తయ్యకి చెబితే ఊరంతా తెలుస్తది." కొంగుతో మెడ కప్పుకుంది. "నీకు చెబుదామనుకున్నా అక్కా. ఫోన్ తీస్తే నీ నంబరు లేదు. కార్తీక్ ఫోన్లో చూసి మళ్ళీ ఎక్కించా. మళ్ళా ధైర్యం తెచ్చుకుని తీస్తే మళ్ళా లేదు. దేవుడే వద్దంటన్నాడు కాబోలు అనుకున్నా."

నేను కిటికీ వైపు తిరిగాను. దేవుడు కాదు, నేను. ఒక్కోసారి తను ధైర్యం తెచ్చుకుంటుంటే ఇవతల కూర్చుని, నేనూ మొండిదాన్నే అనుకుంటూ చెరిపేశాను. తన చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. గుంటూరు వచ్చేదాకా వదల్లేదు.

సూది గుచ్చేటప్పుడు నన్ను లోపలికి రానివ్వలేదు. బయటికొచ్చాక మెడకి దూది అంటించి ఉంది. సోమవారం చెబుతామన్నారు. ఆసుపత్రి వెనక బల్ల మీద కూర్చుని డబ్బా తెరిచింది. మాగాయ కలిపిన అన్నం. భయానికి పొద్దున్నుంచి ఏమీ తినలేదేమో, ఇద్దరికీ ఆకలి. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

"ఉప్పెక్కువైంది వందనా" అన్నాను. ఆ పూట అనకూడని మాట. నోరు ఆగదు నాకు.

తను ముద్ద చేతిలోనే పట్టుకుని నా వైపు చూసింది. "నీ చెయ్యే గదక్కా."

"ఏంది నా చెయ్యి?"

"ఈ ముక్కలు నీయే. వానొచ్చినప్పుడు చేతికందిన పంచె పట్టుకుని కిందకి ఉరికా. రెండోదాని కోసం మళ్ళీ మెట్లెక్కేలోపు అంతా అయిపోయింది. లోపలికెళ్ళి ఇప్పి చూస్తే లావు ముక్కలు. నేను సన్నంగా కోస్తా గదా. నీయి తీశానని చెబుదామని బయటికొస్తే, నువ్వు వీధిలో నిలబడి మా పుట్టింటోళ్ళని కూడా కలిపి తిడతన్నావు. ఇంకేం చెబుతా? నోరు మూసుకుని నూనె పోసి జాడీకెత్తా."

"మరి నేను కాలవలో పోసినవి?"

"నాయి."

అన్నం గొంతులో అడ్డం పడింది. తను నీళ్ళు అందించింది.

"అందరూ బాగుందన్నారా?" అన్నాను.

"చానా. హైదరాబాదోళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగారు."

"ఉప్పు?"

"ఉప్పెక్కువన్నది నువ్వొక్కదానివే." దూది ఊడిపోతుందని మెడ పట్టుకుని మరీ నవ్వింది.

ఇంకో ముద్ద పెట్టమన్నాను. ఉప్పు కొంచెం ఎక్కువే. కానీ ముక్క బాగుంది, లావుగా, చెయ్యి తిరిగిన మనిషి కోసినట్టు.

ఫిబ్రవరి 24, సోమవారం

కొవ్వు గడ్డ. అంతే. ఏమీ లేదన్నారు.

డాక్టరమ్మ నంబరు నుంచి ఫోన్ వచ్చినప్పుడు ఇద్దరం మా వంటింట్లోనే ఉన్నాం. కింద కూర్చుని ఏడ్చేశాం. మా ఆయనా కార్తీక్ పరిగెత్తుకొచ్చారు. మొదటి నుంచీ మొత్తం చెప్పాం, జీమెయిల్ దగ్గర్నుంచి. కార్తీక్ వందన మెడ తడిమి తడిమి చూసి, నిజంగానే కూర్చుని ఏడ్చాడు. మా ఆయన మాత్రం అంతా విని కాసేపు ఆలోచించాడు.

"అయితే ఇంక గుత్తివంకాయ లేదా?" అన్నాడు.

మార్చి 2, ఆదివారం

ఫైజల్ వచ్చి రెండు జీమెయిళ్ళు విడగొట్టాడు. తన నంబర్లు తనకి, నావి నాకు. కొనేవాళ్ళ నంబర్లు మాత్రం ఇద్దరికీ ఉంచమన్నాం, ఈ ఏడు మళ్ళీ కలిసే పెడుతున్నాం కనుక. పంచెలు మాత్రం మార్చాం. నాది అంచు ఉన్నది, తనది అంచు లేనిది. సరుకుల లిస్టు అలాగే కలిపి ఉంచమంది వందన. గోడకి కిటికీ కొట్టించుకోవచ్చు కదా అన్నాడు మా ఆయన. ఎవరూ పట్టించుకోలేదు.

చివర్లో ఫైజల్ నా ఫోన్ తిప్పి చూపించాడు.

"ఇదొకటి మిగిలింది మేడం. 'అక్క' అని మీ నంబరే ఉంది మీ ఫోన్లో. దీంతో మీకేం పని? తీసేస్తన్నా."

"ముట్టుకోబాక" అన్నాను.